అపొస్తలుడి తల, చదరపు సెంటీమీటరు ఎంత?

2012 డిసెంబర్ 5న లండన్‌లోని సోథిబీస్ వేలంశాలలో ఒక కాగితం 2 కోట్ల 97 లక్షల పౌండ్లకు అమ్ముడుపోయింది. ఇటలీ చిత్రకారుడు రఫాయేల్ నల్ల సుద్దతో గీసిన పడుచు అపొస్తలుడి, అంటే క్రీస్తు శిష్యుడి, తల అది. ముప్పయ్యేడున్నర సెంటీమీటర్ల పొడవు, 28కి కాస్త తక్కువ వెడల్పు. అంటే చదరపు సెంటీమీటరు 28 వేల పౌండ్ల పైమాటే. గజాల లెక్కన స్థలాలు కొనే మనకు ఇందులో ముక్కు కొన కూడా అందదు. నాకైతే చెవి పక్కన కాస్త ఖాళీ కాగితం ఇచ్చినా చాలు, తూర్పు ముఖమైతే మరీ మంచిది.

తెలిసినవారు దీన్ని ‘మంచి పెట్టుబడి’ అంటారు. నేనూ వినయంగా తల ఊపి, ఆ గదిని ఊహించుకుంటాను. నలుగురు కుబేరులు 17 నిమిషాలు పోటీ పడ్డారట. కనుబొమ్మ కదిలితే లక్షలు. తుమ్ము వచ్చినవాడు ఆస్తి పోతుందేమోనని ముక్కు పట్టుకుని కూర్చుని ఉంటాడు. గుమాస్తా ఫోను చెవికి ఆనించి, ‘‘ఇంకొక్క పది లక్షలు అయ్యగారూ, జుట్టు కూడా ఒత్తుగా ఉంది’’ అని పెళ్లిళ్ల పేరయ్యలా నచ్చజెబుతుంటాడు. అపొస్తలుడు మాత్రం దించిన కళ్లు ఎత్తడు.

ఎత్తే ముఖమూ కాదు లెండి. ఈ తల గీసింది రఫాయేల్ ‘రూపాంతరం’ చిత్రం కోసం. అందులో పైన క్రీస్తు వెలిగిపోతుంటాడు. కింద ఒక తండ్రి దయ్యం పట్టిన కొడుకును తీసుకొస్తే, బాగుచేయలేక తొమ్మండుగురు శిష్యులు తికమకపడుతుంటారు. మనవాడు వారిలో ఒకడు. వైద్యం చేతకానివాడి తలకే ఇంత పలికింది!

నిజానికి ఇది అమ్మకానికి గీసిన బొమ్మ కాదు, పనివాడి కాగితం. పెద్ద నమూనా మీద గీతల వెంట సూదితో చిల్లులు పొడిచి, బొగ్గుపొడి అద్దితే కింది కాగితంపై చుక్కలు పడతాయి. ఆ చుక్కల ఆధారంగా తలను మళ్లీ పూర్తిగా గీసుకున్నాడు, రంగులు వేసే ముందు వెలుగునీడల లెక్క తేల్చుకోవడానికి. వాలిన రెప్ప కింద ఆ మసక నీడ చూడండి. అదంతా ఒక ప్రార్థనాలయపు బలిపీఠం కోసం పడ్డ పాట్లు.

ఆ బలిపీఠం ఫ్రాన్సులోని నార్బోన్‌లో ఉంది. ‘రూపాంతరం’ పురమాయించినవాడు చర్చి పెద్ద, కార్డినల్ జూలియో దే మెదిచి. అదే ఆలయానికి సెబాస్టియానో అనే మరో చిత్రకారుడి చేత పోటీ చిత్రమూ వేయించాడు. 1520లో రఫాయేల్ పోయాక ‘రూపాంతరాన్ని’ రోమ్‌లోనే ఉంచుకుని, పోటీ చిత్రాన్ని అటు పంపించాడు. నార్బోన్ భక్తులను అడిగినదెవరు?

ఇప్పుడూ అంతే. మోకరిల్లే జనం తలెత్తి చూడడానికి మొదలైన పని ఇది. అక్షరం రానివాడికీ అందులో వాటా ఉంది. ఈ రోజు ఆ కాగితం చూడాలంటే యజమానికి దయ కలగాలి. పెట్టుబడి అట, పెట్టుబడి! ముప్పయ్యేడేళ్లకే పోయిన మనిషి చేతి ఒత్తిడి ఆ సుద్దలో ఉంటే, దాని ముందు నిలబడి వచ్చే ఏడు ఎంత పెరుగుతుందో లెక్కలు వేసేవాడిని రసికుడంటారా? సిగ్గుండాలి.

అసలు చిత్రం వాటికన్‌లో ఉంది. టికెట్టు కొన్న ఎవరైనా చూడవచ్చు. ఎడమ వైపు గుంపులో మనవాడు కనిపిస్తాడు. అక్కడ అతడి తలకు విడిగా ధర కట్టలేదు.