అవే గీతలు అందరికీ

బెంగళూరు మారతహళ్లిలో మా అమ్మాయి వెళ్లే ఆర్ట్, డిజైన్ కాలేజీ ప్రవేశాల కోచింగ్‌లో పిల్లలందరి పోర్ట్‌ఫోలియోలూ, అంటే కాలేజీకి చూపించే బొమ్మల కట్టలూ, ఒకేలా ఉన్నాయి. అదే కాఫీ కప్పు, అదే నలిగిన కాగితం, అదే ముసలాయన ముఖం. జనవరిలో కుమారకృప రోడ్డులో జరిగే బొమ్మల సంత, చిత్రసంతె చూసొచ్చిన ఉత్సాహంతో, ఆదివారాలు తెల్లవారకముందే కేఆర్ మార్కెట్‌కి వెళ్లి పూలు కట్టే ఆడవాళ్ల చేతులు బొగ్గుతో గీసింది నా బిడ్డ. ఆ స్కెచ్‌బుక్ నీట్‌గా లేదని సార్ పక్కన పెట్టేశారు. ఆ చెరిపిన గీతలే కదా పిల్ల ఎలా చూస్తోందో చెప్పేవి! కాలేజీ ఇంటర్వ్యూలో "ఇది ఎందుకు గీశావు?" అని అడిగితే ఏం చెప్పాలి? సార్ గీయమన్నారనా? ఫీజు సంగతి వదిలేయండి. నిన్న రాత్రి పన్నెండింటికి, కప్పుకి నాలుగోసారి షేడింగ్ వేస్తూ, "అమ్మా, బొమ్మలంటేనే విసుగొస్తోంది" అంది. నాకిక నిద్ర పట్టలేదు.