కష్టంతో పాటు కాగితం కూడా ఢిల్లీ చేరాలి

"ఢిల్లీ పేపర్లలో వేయించండి బాబూ" అంటూ ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి వైపు నుంచి గల్ఫ్ బాధితుల కుటుంబాలు మా విలేకర్లకు మెసేజ్‌లు పెడుతుంటాయి. ఆ కోరిక సబబే. విదేశాంగ శాఖ వార్తలు, చట్టాల సంగతులు రాసే విలేకర్లు ఎక్కువగా ఉండేది అక్కడే. కానీ వాళ్లకు మన దగ్గర్నుంచి వెళ్తున్నదేమిటి? ఒక వరస లేని ఫొటోలు, వాయిస్ మెసేజ్‌లు. కాంట్రాక్టు మొదటి పేజీ ఉంటుంది, సంతకాలున్న చివరి పేజీ ఉండదు. పాస్‌పోర్టు మీద ఫ్లాష్ పడి నంబరు కనిపించదు.

తప్పు ఆ కుటుంబాలది కాదు. పోలీసు ఫిర్యాదు ఒడియాలో, ఏజెంటు రాసిచ్చిన చీటీ తెలుగులో, కాంట్రాక్టు ఇంగ్లీషు, అరబ్బీల్లో ఉంటే ఏ ఇంట్లో చదివేవాళ్లుంటారు?

ఏ చట్టం ఎక్కడ తప్పారన్నది విలేకరి ముందుగా చూస్తాడు. 1983 వలసల చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేని ఏజెంటు విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని పంపకూడదు. పదో తరగతి పాసవ్వనివాళ్లు గల్ఫ్‌కు పనికి వెళ్లాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. విజిట్ వీసా మీద విమానం ఎక్కించేది ఆ అనుమతిని తప్పించుకోవడానికే. "మా అబ్బాయిని కాపాడండి" అన్న మాట పక్కనే "పది ఫెయిల్, విజిట్ వీసా, ఏజెంటుకు రిజిస్ట్రేషన్ లేదు, ఫలానా తేదీన విదేశాంగ శాఖ ఫిర్యాదుల వెబ్‌సైట్ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు చేశాం, జవాబు రాలేదు" అని నాలుగు ముక్కలు రాస్తే, ఆ విలేకరి మంత్రిత్వ శాఖను అడగడానికి ప్రశ్న దొరికినట్టే.

ఆంధ్ర-ఒడిశా సరిహద్దులో ఇంకో మెలిక ఉంది. డబ్బు ఆంధ్ర వైపు ఇచ్ఛాపురంలో కట్టి, కాపురం ఒడిశా వైపు గంజాం జిల్లాలో ఉంటే ఏ స్టేషన్‌కు వెళ్లాలి? 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత (పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చిన చట్టం) ప్రకారం, కేసు కట్టదగ్గ నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. తీసుకోకుండా తిప్పి పంపితే ఆ తేదీ, వేళ రాసి పెట్టుకోండి. చట్టాల మీద రాసేవాళ్లకు అది అసలైన వార్త.

అబ్బాయి ఇంకా యజమాని చేతిలోనే ఉంటే, పేరు బయట పెట్టొచ్చా అని ముందు అతన్నే అడగండి. పాస్‌పోర్టు ఫొటోను గ్రూపుల్లో తిప్పకండి. ఉన్న కాగితాలన్నీ తీసుకుని దగ్గర్లోని మా విలేకరిని కలవండి. ఒడియా ఫిర్యాదును ఇంగ్లీషులోకి మార్చి, మొత్తం ఒక్క పేజీలో కుదించి ఇచ్చే పని మేం చేస్తాం.