మెట్ల మీదుగా మ్యూజియం యాత్ర

మా పక్కింటి పాప చదివే స్కూలు ఐదో తరగతి పిల్లల్ని సాలార్‌జంగ్ మ్యూజియానికి తీసుకెళ్లింది. క్లాసులోంచి బయల్దేరదీసి, మెట్లెక్కించి, పై అంతస్తులోని కంప్యూటర్ ల్యాబ్‌కి క్షేమంగా చేర్చింది. దీన్ని వర్చువల్ ఫీల్డ్ ట్రిప్ అంటారట. ఫీజు 350 రూపాయలు. 'ప్రయాణంలో జరిగే ప్రమాదాలకు యాజమాన్యం బాధ్యత వహించదు' అన్న కాగితం మీద తల్లిదండ్రుల సంతకం కూడా తీసుకున్నారు. ముందుజాగ్రత్త మంచిదే, ఆ మెట్లు నున్నగా ఉంటాయి.

లాభాలు లేవనను. అసలు మ్యూజియానికి శుక్రవారం సెలవు, ల్యాబ్‌కి లేదు. అఫ్జల్‌గంజ్ ట్రాఫిక్ లేదు, బస్సులో వాంతులు లేవు, మూసీ వాసన అసలే లేదు.

తెర మీద మ్యూజికల్ క్లాక్ ప్రత్యక్షమైంది. గంట కొట్టే వేళకి గడ్డం బొమ్మ బయటికొచ్చి గంట వాయిస్తుందని టీచర్ చదివి వినిపించింది. అంతే, క్లాసు క్లాసంతా నోరు తెరుచుకుని కూర్చుంది. బొమ్మ రాలేదు. ఎలా వస్తుంది, అది ఫొటో. ఫొటోలో టైము పదీ ఇరవై. "ఇంకో నలభై నిమిషాలే టీచర్, ఆగుదాం" అన్నాడొకడు. బొమ్మ పోర్షన్‌లో లేదని చెప్పి ఆవిడ బాణం గుర్తు నొక్కింది. పాపం, ఆవిడ మాత్రం ఏం చేస్తుంది, పీరియడ్ అయ్యేలోపు వర్క్‌షీట్ నింపించాలి. నెట్ ఆగింది. చక్రం తిరిగింది, తిరుగుతూనే ఉంది. ఇద్దరు పిల్లలు దాన్నీ ప్రదర్శన వస్తువే అనుకుని నోట్సులో బొమ్మ గీసుకున్నారు.

తర్వాత, ఒకే దుంగలో చెక్కిన జంట శిల్పం: ముందువైపు మెఫిస్టోఫిలిస్ అనే దయ్యం, వెనకవైపు మార్గరెట్టా అనే అమ్మాయి. అక్కడైతే వెనకున్న అద్దంలో అమ్మాయి కనబడగానే పిల్లలు అటూ ఇటూ పరిగెత్తుతారు, గార్డు కసురుతాడు, ఆ కసురు సహా ఆ శిల్పం జన్మంతా గుర్తుంటుంది. ఇక్కడ అమ్మాయి నెక్స్ట్ స్లైడ్‌లో ఉంది. ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన రెబెక్కా అనే ముసుగు అమ్మాయి విగ్రహంలో ఆ ముసుగు గుడ్డా, పాలరాయా అని జూమ్ చేస్తే గళ్లు గళ్లుగా కనిపించింది.

మ్యూజియం 1951లో మొదలైందని అందరూ టిక్కు పెట్టారు, అందరికీ ఫుల్ మార్కులు. "ఏం చూశావే?" అని పాపనడిగితే, "బాణం గుర్తు అంకుల్, నొక్కితే ముందుకెళ్తుంది" అంది.

తెర మీద నాకు పగ లేదు. అమరావతి స్తూపం శిల్పాలు లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. గుంటూరు పిల్లాడికి అక్కడికి టికెట్ ఎవడు కొంటాడు? వాటిని చూపించండి, రోజంతా చూపించండి, దండం పెడతాం. సిటీ బస్సు వెళ్లే చోటికి తెరెందుకయ్యా? పొద్దున పిల్లల్ని దింపిన మీ పసుపు బస్సులు సాయంత్రం దాకా గ్రౌండ్‌లో ఎండుతూనే ఉంటాయి కదా! డీజిల్ మిగుల్చుకోవడానికి పదేళ్ల పిల్లల్ని మోసం చేస్తారా? పైగా దానికి వాళ్ల దగ్గరే డబ్బులు గుంజుతారా? సిగ్గుండక్కర్లా?

వచ్చే నెల జూ పార్కు అట. అదే ల్యాబ్. జంతువులకు తినుబండారాలు పెట్టరాదని సర్క్యులర్‌లో కింద గీత గీసి మరీ రాశారు.