అందరూ ‘ఫైరే’నా?

రాత్రి పదకొండు దాటాక సింగిల్ కాలమ్ వార్తకు హెడ్డింగ్ పెట్టేవారి కష్టం మాకు తెలుసు. ‘దుయ్యబట్టారు’ పట్టదు. ‘ధ్వజమెత్తారు’ రెండో లైనులోకి జారుతుంది. ‘ఫైర్’ అయితే రెండక్షరాలు, ఎక్కడైనా ఇమిడిపోతుంది. అలా ఇమిడీ ఇమిడీ మా పేజీల్లో ఇప్పుడు అందరూ ఫైరే. బడ్జెట్ లెక్కలడిగిన సభ్యుడూ ఫైరే, ఎదుటివాడి ఇంటి ఆడవాళ్లను వీధిలోకి లాగినవాడూ ఫైరే.

తెలుగుకు మాటల కరువేం లేదు. ఏడాదిగా ముఖం చూపని తమ్ముణ్ని గుమ్మంలోనే ఆపి, ‘ఇప్పటికి గుర్తొచ్చామట్రా?’ అని అక్క అంటే అది నిష్ఠూరం. కడుపు మండే అంటుంది, అంటూనే కంచం పెడుతుంది. ఎప్పుడో చేసిన సాయాన్ని ప్రతి తగువులోనూ పైకి తీస్తే దెప్పడం. లోపం చూసి గుచ్చితే ఎత్తిపొడుపు. పొద్దున లేచింది మొదలు అదే పనైతే సాధింపు. పొగుడుతున్నట్టే పొగిడి పక్కవాళ్లను నవ్విస్తే వెటకారం. దాన్ని తిట్ల ఖాతాలో వేస్తే గోదావరి జిల్లాలవాళ్లు ఒప్పుకోరు. దేవుణ్నీ వదల్లేదు మనం. కాసుల పురుషోత్తమ కవి శ్రీకాకుళాంధ్ర దేవుణ్ని శతకం కట్టి మరీ నిలదీశాడు. దాన్ని నిందాస్తుతి అన్నారు.

2022 జులైలో లోక్‌సభ సచివాలయం అన్‌పార్లమెంటరీ మాటల, అంటే సభలో అనదగనివిగా ఎంచిన మాటల, సంకలనం తెచ్చింది. అవినీతి, అసమర్థత, డ్రామా అనే అర్థమొచ్చే మాటలూ అందులో ఉన్నాయి. గోల లేచాక, దేన్నీ నిషేధించలేదని, గతంలో రికార్డుల నుంచి తొలగించినవే ఇవని స్పీకర్ ఓం బిర్లా వివరణ ఇచ్చారు. అసమర్థుణ్ని అసమర్థుడనకపోతే ప్రతిపక్షానికి సభలో ఇంకేం పని?

అక్కడి జల్లెడ మామూలు కోపాన్నీ పట్టేస్తుంటే, మా జల్లెడ బురదను కూడా వదిలేస్తోంది. ‘తీవ్ర వ్యాఖ్యలు చేశారు’ అని రాస్తే, ఆయన తప్పుపట్టింది పథకాన్నా, పుట్టుకనా అన్నది పాఠకుడికెలా తెలుస్తుంది? ఇంటిల్లిపాదీ చదివే పేపరు, బూతును బూతుగా అచ్చువేయలేం. కానీ జరిగిందేమిటో చెప్పొచ్చు. ‘ప్రత్యర్థి తల్లిని దూషించారు’ అనొచ్చు. ‘కులం పేరుతో తిట్టారు’ అనొచ్చు. దళితుణ్నో గిరిజనుణ్నో నలుగురిలో అలా తిడితే 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. దాన్ని ‘ఘాటు విమర్శ’ అని ఇన్నాళ్లూ రాసింది మేమే.

హెడ్డింగ్ రెండు లైన్లకు పోతే పోనివ్వమని డెస్కుకు చెప్పాం.