మన దగ్గర ఉన్నదే టైమ్, దాన్నీ పరుగులో పెడదామా?

పిల్లలకు ఇంట్లోనే చదువు చెప్పుకునే మా హోమ్‌స్కూలింగ్ తల్లిదండ్రుల గ్రూపులోకి మొన్న ఒక ఫీల్డ్ ట్రిప్ ప్లాన్ వచ్చింది. పొద్దున తొమ్మిదికి గోల్కొండ, పదకొండున్నరకు కుతుబ్ షాహీ సమాధులు, భోంచేసి సాలార్ జంగ్ మ్యూజియం, వీలైతే చార్మినార్. చదవగానే మనసు చివుక్కుమంది. స్కూళ్లు ఇలా తిప్పుతున్నాయంటే వాళ్ల ఇబ్బంది వాళ్లది. నలభై మంది పిల్లలు, ఒక బస్సు, సాయంత్రానికి అందరినీ ఇళ్లకు చేర్చాలి. మనకేం బెల్లు కొడుతుందని ఈ పరుగు?

గోల్కొండ కోట ద్వారం గుమ్మటం కింద చప్పట్లు కొడితే పైన కొండ మీది బాలా హిస్సార్ దాకా వినిపిస్తుందని అందరికీ తెలుసు. అందరూ ఓసారి కొట్టి ముందుకు వెళ్లిపోతారు. మావాళ్లు మాత్రం అక్కడే ఆగిపోయారు. నాన్న కింద, పిల్లలు పైన, మధ్యలో ఫోన్. గుమ్మటం కింద ఒకసారి, కాస్త పక్కకు జరిగి ఇంకోసారి. ఆ రోజు మేం కోటలో సగం కూడా చూడలేదు. నాకేమీ లోటనిపించలేదు.

పోచంపల్లికైతే ఇప్పటికి మూడుసార్లు వెళ్లాం. మొదటిసారి అందరిలాగే వెళ్లాం. 1951లో వినోబా భావే భూమిలేనివాళ్ల కోసం అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి గారు వంద ఎకరాలు ఇచ్చిన ఊరు అని చెప్పి, మగ్గం చూపించి, ఫోటో తీసుకుని వచ్చేశాం. పిల్లలకు ఏమీ గుర్తులేదు. రెండోసారి ఒకే ఇంట్లో, ఒకే పెద్దమ్మ దగ్గర పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చున్నాం. ఆమె ఆసు పోస్తోంది, అంటే నేతకు ముందు నూలును సిద్ధం చేస్తోంది. అర్ధచంద్రాకారంలో మేకులు, వాటి చుట్టూ నూలు తిప్పుకుంటూ చెయ్యి అటూ ఇటూ పోతూనే ఉంది. మా తొమ్మిదేళ్ల పాప లెక్కపెట్టడం మొదలుపెట్టి, రెండు వందలు దాటాక తప్పిపోయింది. "పెద్దమ్మా, భుజం నొప్పెట్టదా?" అని అడిగింది. ఆమె నవ్వి, "నొప్పి పోతదా బిడ్డా, అలవాటైపోయింది" అంది.

చింతకింది మల్లేశం గారి గురించి అప్పుడే చెప్పాను. అమ్మ పడే ఈ భుజం నొప్పి చూడలేక, ఆరో తరగతితో చదువు ఆగిపోయిన మనిషి ఏళ్ల తరబడి కష్టపడి ఆసు యంత్రం తయారుచేశారు. దానికి అమ్మ పేరే పెట్టారు, లక్ష్మీ ఆసు యంత్రం అని. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఇంట్లో సోఫాలో కూర్చుని చెప్పి ఉంటే ఇది ఇంకో కథలా పోయేది. ఆ చెయ్యి చూశాక విన్నారు కాబట్టి, దారంతా ఆ యంత్రం గురించే ప్రశ్నలు.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. నేతపని చేసేవాళ్లకు చేసిన పనిని బట్టే డబ్బు. మన పిల్లలకు గంటసేపు చూపించారంటే ఆ గంట పని పోయినట్టే. చీర కొనకపోయినా పర్వాలేదు, ఆ టైమ్‌కు మాత్రం డబ్బు ఇచ్చి రండి. మ్యూజియంకు టికెట్ కొంటాం, మనిషి దగ్గర నేర్చుకుంటే ఫ్రీనా?

టికెట్ అంటే గుర్తొచ్చింది. ఒకచోట విద్యార్థుల రాయితీ అడిగితే స్కూల్ లెటర్ కావాలన్నారు. ఇంట్లోనే చదువుతున్నారంటే, "అయితే చదువు మానేసినట్టేగా" అని పాప ముందే అనేశారు. డబ్బు గురించి కాదు నా బాధ. పాప తల దించుకుంది. ఓపెన్ స్కూల్లో పరీక్షలు రాసే పిల్లలూ విద్యార్థులే కదా! వయసు చూసి రాయితీ ఇస్తే సరిపోతుంది, లెటర్‌తో పనేముంది?

మూడోసారి పాపే అడిగి తీసుకెళ్లింది. ఈసారి రంగు అంటకూడని చోట నూలు మీద సైకిల్ ట్యూబు రబ్బరు ముక్కలు తనే కట్టింది. "గట్టిగ కట్టకుంటే రంగు లోపలికి పోతది బిడ్డా" అని పెద్దమ్మ రెండుసార్లు విప్పించింది. అద్దకం అయ్యి, ఆరి, ముడి విప్పితే తెల్లని గీత రావాలి. పాప కట్టినచోట సగం తెలుపు, సగం ఎరుపు. ఆ దారం ముక్క తన పుస్తకంలో అంటించుకుంది. వచ్చే నెల మళ్లీ వెళ్దామంటోంది, నేత మొదలుపెట్టకముందే డిజైన్ దారం మీదికి ఎలా వస్తుందో గళ్ల కాగితం మీద పెద్దమ్మ గీసి చూపిస్తానందట.