డ్రింకు మానేశానని చెప్పాను కదా బావా!

ఇప్పుడే మా బావని విశాఖ బస్సెక్కించి మా జయపురం (ఒడిశాలో కోరాపుట్ జిల్లా) స్టాండు నుంచి ఇంటికొచ్చాను. ఒళ్ళు మండుతోంది, అందుకే రాస్తున్నా.

నేను కూల్‌డ్రింకులు మానేసి నలభై మూడు రోజులు. ఫోన్లో చెప్పాను, ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను, అత్తకయితే రెండుసార్లు చెప్పాను. అయినా మనిషి గుమ్మంలో అడుగు పెట్టడమే చంకలో రెండు లీటర్ల సీసాతో. మూత తిప్పగానే వచ్చిన ఆ బుస్సుకి నోట్లో నీళ్ళూరాయి, అబద్ధమెందుకు. వద్దన్నాను. "ఒక్క గ్లాసుకి ఏటయిపోద్దిరా?" ఏమీ అవదు బావా. రోజుకి ఆ ఒక్క గ్లాసుతోనే పదేళ్ళు గడిపాను.

మానేసిన మొదటి నాలుగు రోజులు తల పగిలిపోయింది. కెఫీన్ అందక ఒంటి గోల అది. గ్రీన్ టీ పట్టాను. గడ్డి ఉడకబెట్టిన నీళ్ళు (తాగేవాళ్ళు తిట్టుకోండి, పర్లేదు). నిమ్మకాయ పిండిన బ్లాక్ టీ తాగితే జ్వరమొచ్చినట్టుంది. ఆఖరికి అటక మీంచి అమ్మమ్మ ఇత్తడి ఫిల్టర్ దింపి, చింతపండుతో తోమి, కోరాపుట్ కాఫీపొడి మూడు చెంచాలు వేసి, మరిగే నీళ్ళు పోసి మూతపెట్టాను. పావుగంటకి కింది గిన్నెలో నల్లటి డికాక్షన్. చిక్కటి పాలు కలిపి ఒక్క గుక్క తాగానో లేదో, ఇన్నాళ్ళూ పంచదార నీళ్ళకా డబ్బులు పోశానని ఏడుపొచ్చింది.

బావగారి తెలివి చూడండి. "కాఫీలో మాత్రం కెఫీన్ లేదేటి?" ఉంది! 330 మి.లీ. కోలా టిన్నులో సుమారు 32 మిల్లీగ్రాములుంటే, కప్పు ఫిల్టర్ కాఫీలో అంతకంటే ఎక్కువే. నేను మానింది కెఫీన్ కాదు మహాప్రభో, ఆ టిన్నులో ఉండే 35 గ్రాముల పంచదార. నీ కాఫీలో ఎనిమిది చెంచాలు వేసిస్తాను, తాగుతావా?

ఇదంతా క్షమించేద్దును. పోయేముందు నా కాఫీ ప్యాకెట్ అటూ ఇటూ తిప్పి, "కోరాపుట్‌దా? ఇదేం తాగుతావురా, మన అరకుది పంపిస్తాలే" అన్నాడు.

మన అరకట! మరి మేమెవరం? 1930లోనే జయపురం రాజా రామచంద్ర దేవ్ ఈ కొండల్లో కాఫీ వేయించాడు. విశాఖ నుంచి మా వైపొచ్చే కిరండూల్ రైలెక్కు, అరకు దాటాక కొండలు మారతాయేమో చూడు. 2019లో అరకు కాఫీకి జీఐ (ఈ సరుకు ఫలానా ప్రాంతానిదే అనే ముద్ర) గుర్తింపిచ్చినప్పుడు కూడా విశాఖ కొండలతోపాటు ఒడిశా వైపువీ కలిపే ఇచ్చారు. అసలు 1936 దాకా మా కోరాపుట్ మీ విశాఖపట్నం జిల్లాలోదే!

ఇక్కడ బజార్లో మేం తెలుగోళ్ళం. విజయనగరం వెళ్తే ఒడియావాళ్ళం. "అరే, తెలుగు బానే వచ్చే నీకు!" అంటారు, ఇంట్లో ఇంకేం మాట్లాడతామనుకుంటారో. చిన్నత్త కూతురి పెళ్ళిలో, నిండు బంతిలో, "ఆ ఒడియా అబ్బాయికి పప్పెయ్యండర్రా" అని అరిచింది కూడా ఈ బావే. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పప్పు మాత్రం ముట్టలేదు.

రేపు అరకు ప్యాకెట్ నిజంగా పంపిస్తే తాగుతావా అని మా ఆవిడ అడుగుతోంది. తాగుతాను. కాఫీ ఏం చేసింది పాపం?

అన్నట్టు, ఆ సీసా ఇంకా మా ఫ్రిజ్‌లోనే ఉంది, ముప్పాతిక నిండుగా. టైము రాత్రి పదకొండు. దగ్గర్లో ఎవరైనా మేలుకుని ఉంటే దయచేసి వచ్చి పట్టుకుపోండి.