మహారాజశ్రీ క్రెడిట్ రిపోర్టు గారి సముఖమునకు

ఉభయకుశలోపరి. అక్కడ తమరు క్షేమమని తెలుసు. ఇక్కడ మేం క్షేమమో కాదో తమరే చెప్పాలి, మా అప్పుల లెక్క మాకంటే తమకే బాగా తెలుసు గనుక.

1984లో ఆంధ్రప్రదేశ్‌లో కరణాల పదవులు రద్దయితే, ఊరి లెక్కలు రాసే కవిలెకట్ట పీడ ఇక వదిలిందనుకున్నాం. ఊరికి ఒక్క కరణం పోయి దేశానికి మన అప్పులూ చెల్లింపులూ రాసిపెట్టే సంస్థలు నాలుగొచ్చాయి: సిబిల్, ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హై మార్క్. అప్పు తీర్చే తీరుకు వాళ్లు వేసే మార్కులు, అంటే స్కోరు, 300 నుంచి 900 దాకా. లెక్క ఎవరిది వారిదే కాబట్టి ఒకే మనిషికి నాలుగు చోట్లా నాలుగు అంకెలు.

తమను తొంగిచూస్తే స్కోరు పడిపోతుందని ఓ పుకారు. అది అప్పుకు అర్జీ పెట్టినప్పుడు బ్యాంకు తెప్పించుకునే రిపోర్టు సంగతి. మనది మనం ఎన్నిసార్లు చూసుకున్నా ఒక్క పాయింటూ తగ్గదు.

రిజర్వు బ్యాంకు చెప్పబట్టి 2017 నుంచి ఒక్కో సంస్థ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. జనవరిలో ఒకరి తలుపు, ఏప్రిల్‌లో మరొకరిది, జులైలో, అక్టోబరులో మిగతా ఇద్దరివి తడితే పైసా ఖర్చు లేకుండా మూణ్ణెల్లకోసారి దర్శనం. ఆ లింకు వెబ్‌సైటులో కొట్టొచ్చినట్టు కనబడాలన్నది కూడా ఆదేశమే. అయినా పీటల మీద కూర్చునేది డబ్బు కట్టే నెలవారీ ప్లానే. ఉచితం గారు పందిట్లో పేద చుట్టం. పాన్, పుట్టిన తేదీ, మొబైల్‌కొచ్చే ఓటీపీ అడిగితే సరైన దారే. డబ్బు కట్టమంటే దారి తప్పామన్నమాట, వెనక్కి రావాలి.

ఇక తమ భాష. మా ఇళ్లలో ‘సెటిలయ్యాడు’ అంటే ఉద్యోగం, ఇల్లు, పెళ్లి అన్నీ అమిరాయని. తమ దగ్గర ‘సెటిల్డ్’ అంటే బాకీలో కొంత ఎగ్గొట్టి రాజీపడ్డాడని! రికవరీ ఏజెంటు ‘కొంత కట్టండి, సెటిల్ చేసేద్దాం’ అన్నప్పుడు ఈ అర్థం చెప్పడు. అణాపైసలతో తీర్చిన అప్పు ‘క్లోజ్డ్’ అనే ఉండాలి. వాయిదా ఎన్ని రోజులు ఆలస్యమైందో రాసే నెలల గళ్లలో బడికి విరుద్ధం: 000 వస్తే ఫస్టు క్లాసు, 030 అంటే ముప్ఫై రోజులు ఆలస్యం. బావమరిది లోనుకు మొహమాటపడి పెట్టిన హామీ సంతకమూ ఇక్కడే బయటపడుతుంది. ఎన్నడూ తీసుకోని యాప్ లోను కనబడితే, మన పాన్‌తో ఇంకెవరో సెటిలయ్యారన్నమాట.

తప్పుంటే ఆ సంస్థ సైటులోనే ఫిర్యాదు పెట్టొచ్చు. సరిచేసిన వివరం పంపడానికి బ్యాంకుకు 21 రోజులు, మొత్తం పరిష్కారానికి 30. అది దాటితే రోజుకు 100 రూపాయలు పరిహారం, 2024 ఏప్రిల్ 26 నుంచి. అప్పటికీ కదలకపోతే ఇలాంటి ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఒక కవిలెలో దిద్దారని నిద్రపోకూడదు, మిగతా మూడూ తిరగేయాలి.

పరిహారం జమకు యూపీఐ ఐడీ ఫిర్యాదులోనే రాశాం. చిత్తగించవలెను.

ఇట్లు,
పేరుకన్నా పాన్ నంబరుతోనే తమకు బాగా గుర్తుండే
విధేయులు